మంచుదేశం వాళ్ళ మీద కుళ్ళు

కుళ్ళుకోవడంలో మా పల్నాట్లో నన్ను మించినవాడు లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు. పక్కవాడి సైకిలు బెల్లు నా బెల్లు కన్నా గట్టిగా మోగినా ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. అయితే ఎనభైల్లో, మాచర్లలో సోషల్ మేస్టరుగా పనిచేస్తున్న రోజుల్లో, నేను కుళ్ళుకున్నది ఎస్కిమోల మీద. నవ్వకండి. చొక్కా వీపుకి అతుక్కుపోయే ఎండల్లో, కరెంటు పోయి క్లాసులో ఫ్యాను ఊరికే వేలాడుతుంటే, ఉత్తర ధ్రువం దగ్గర మంచులో కూర్చున్న మనుషుల్ని తలుచుకుని నా కడుపు రగిలిపోయేది. వాళ్ళు చల్లగా ఉన్నారని కాదు. వాళ్ళ భూమి ఎక్కడిదాకా ఉందో వాళ్ళనే చెప్పమన్నారట. అదీ నా ఏడుపు.

అంతకుముందు వాళ్ళ మీద నాకున్నది ఉత్త జాలి. పాఠంలో వాళ్ళ గురించి ఒక పేజీ ఉండేది. మంచు ఇల్లు, పచ్చి మాంసం, కుక్కల బండి. "పాపం, మజ్జిగన్నం అంటే ఏంటో కూడా తెలీనివాళ్ళర్రా" అని నేను చెప్పేవాణ్ణి, పిల్లలు అయ్యో అనేవాళ్ళు. పరీక్షలో అదే రాస్తే మార్కులు కూడా వేసేవాణ్ణి.

మాచర్ల లైబ్రరీలో పాత ఇంగ్లీషు పత్రికలు ఒక బల్ల మీద కుప్పగా పడేసి ఉంచేవారు. ఒక ఆదివారం పొద్దున అందులో ఒకటి తిరగేస్తుంటే ఒక ఫొటో కనబడింది. బొచ్చు కోటు వేసుకున్న ముసలాయన నేల మీద పటం పరుచుకుని, మోకాళ్ళ మీద వంగి, పెన్సిలుతో గీత గీస్తున్నాడు. చుట్టూ ఇంకో నలుగురు ముసలివాళ్ళు ఊపిరి బిగబట్టి ఆ పెన్సిలు వైపే చూస్తున్నారు. పక్కన వ్యాసం. చదివాను. నిఘంటువు తెచ్చుకుని మళ్ళీ చదివాను.

ఎస్కిమోలు అనేది బయటివాళ్ళు పెట్టిన పేరట. వాళ్ళు తమని తాము ఇన్యూట్ అంటారట, అంటే మనుషులు అని అర్థం. కెనడా సర్కారు వాళ్ళని గుడారాల్లోంచి తెచ్చి వరసగా కట్టిన చెక్క ఇళ్ళలో పెట్టింది. వాళ్ళ పేర్లు నోరు తిరగక మనిషికో నంబరు బిళ్ళ ఇచ్చింది. పిల్లల్ని దూరపు హాస్టళ్ళకి పంపింది. తిరిగొచ్చేసరికి వాళ్ళలో చాలామందికి తాతతో మాట్లాడే భాషే రాకుండా పోయింది. కుక్కల బండ్లు పోయి మంచు మీద నడిచే మోటారు బండ్లు వచ్చాయి. తర్వాత చమురు కోసం, ఖనిజాల కోసం కంపెనీలు దిగి, అదంతా ఖాళీ నేలేగా అన్నాయి. అప్పుడు లేచారు వాళ్ళు. ఖాళీ అని ఎవరన్నారంటూ పటాలు పరిచారు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే కూర్చుని, ఇక్కడ దుప్పిని కొట్టాను, ఇక్కడ చేపలు పట్టాను, ఈ ఏరు గడ్డకట్టినప్పుడు ఇలా దాటాను, మా అమ్మ నన్ను ఇక్కడ కన్నది అని గీసుకుంటూ పోయారు. నాది అని కాగితం చూపించలేదు. వాడుకున్న జాడ చూపించారు. ఆ గీతలతో పటాలు నిండిపోయాయి. సర్కారు వాళ్ళు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోక తప్పలేదు.

నంబరు బిళ్ళలు, వరస ఇళ్ళు, హాస్టళ్ళు. ఇవి చదివి నాకు జాలి పెరగాలి. పెరగకపోగా ఉన్నది కూడా పోయింది. ఎందుకంటే అవన్నీ మాకూ జరిగాయి. మాకు జరగనిదల్లా ఆ పెన్సిలు ఒక్కటే.

మా ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. డ్యామ్ కట్టాక నీళ్ళ కిందికి పోయింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మమ్మల్ని తెచ్చి మాచర్లకి కాస్త దూరంలో ఒక కాలనీలో దించారు. బావి కాడి ఇల్లు, చింత కింది ఇల్లు అని పిలుచుకునే ఇళ్ళన్నీ నంబర్లయ్యాయి. నన్ను గురజాల హాస్టల్లో వేశారు. మా పెదనాన్న అంతకుముందే చనిపోవడంతో ఆయన కొడుకు మా ఇంట్లోనే పెరిగాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద, అన్న అని పిలిచేవాణ్ణి. మూడో తరగతి దాటలేదు. నేను హాస్టల్లో నీళ్ళ సాంబారు తాగుతూ ఎక్కాలు వల్లిస్తుంటే వాడు మా నాన్న పక్కన నాగలి పట్టాడు. నేను సెలవులకి వచ్చేసరికి నాన్న నోట వాడు పెద్దోడు అయిపోయాడు. నన్నేమో మేస్టరు అనేవాడు, నాకింకా మీసాలైనా రాకముందే. కన్నకొడుకుని నేను. పెద్దోడు అనిపించుకోవాల్సింది నేను కాదూ?

ఆ పత్రికలో కథంతా అరుగు మీద కూర్చుని నాన్నకి చెప్పాను. ఆయన చుట్ట పక్కన పెట్టి మరీ విన్నాడు. "ఎవురయ్యా వాళ్ళు? మనోళ్ళేనా?" అన్నాడు. మనోళ్ళేంటి నాన్నా, భూగోళానికి ఆ చివర ఉంటారన్నాను. "అయితే ఏంది? మనోళ్ళ మాదిరే ఉందిగా ఎవ్వారం" అన్నాడు. పక్కన తాడు పేనుకుంటున్న అన్న తలెత్తి, "మంచు కరిగిపోద్ది గదా, మరి నిరుడు పోయిన దారి యాడుందో ఎట్టా ఆనవాలు పడతారంట?" అని అడిగాడు. నాన్న వాడి వైపు తిరిగి, "అదీ అడగాల్సింది!" అన్నాడు. కథ చెప్పింది నేను, మెప్పు వాడికి. ఆ ప్రశ్నకి జవాబు పత్రికలో లేదు కూడా.

మాఘం దాటాక రిజర్వాయరులో నీళ్ళు దిగుతాయి. దిగినకొద్దీ మా పాత పొలాలు ఒండ్రు కప్పుకుని బయటపడతాయి. కాలనీ వాళ్ళు ఎడ్లు కట్టుకుని అక్కడికి పోయేవాళ్ళు. పెసలు, నువ్వులు, దోస వేసి, మళ్ళీ కొత్తనీరు రాకముందే కోసుకుని వచ్చేవాళ్ళు. హాస్టలు, ట్రైనింగు, ఉద్యోగం అంటూ నేనెప్పుడూ పోలేదు. ఆ పత్రిక చదివిన ఏడు మాత్రం, మంచుదేశం వాళ్ళకేనా ఊరు, మాకు లేదా అని పౌరుషం వచ్చి, నాన్నతో అన్నతో బయల్దేరాను.

బండ్లు ఒడ్డున విప్పి అందరూ లోపలికి నడుస్తున్నారు. ఎదురుగా పగుళ్ళిచ్చిన నేల, కనుచూపు మేర చదును. అయితే వీళ్ళు ఒకచోట కుడికి తిరిగి, పది అడుగులు వేసి, ఎడమకి తిరిగి, మళ్ళీ కుడికి తిరిగి పోతున్నారు. అడ్డమేమీ లేదు. వీళ్ళకేమైనా పిచ్చా అనుకుని నేను సూటిగా నడిచాను.

"ఒరేయ్ ఒరేయ్ మేస్టరూ!" అని అన్న వెనకనుంచి కేకేశాడు. "ఏందిరా అట్టా పోతన్నావు? అది అత్తోళ్ళ వంటిల్లురా! పొయ్యి తొక్కుకుంటా పోతన్నావు నువ్వు!"

అందరూ పగలబడి నవ్వారు. ఒక ముసలమ్మ మాత్రం నవ్వలేదు. ఆ పొయ్యి ఆమెది. "పోనీలేరా, తెలవక తొక్కాడు. చిన్నప్పుడే పోయాడుగా పాపం" అంది. ఊరు మునిగి ఇరవై ఏళ్ళు దాటినా వీళ్ళు ఒకరి ఇంటి మీదుగా ఒకరు నడవరు. గోడలుండే చోట తప్పుకుని, సందులుండే చోటే నడుస్తారు. పొలం గట్లూ అంతే. అటు కొండల మధ్య గండి, ఇటు పాత బావి ఒర, రెండిటికీ గురి చూసి ఎవరి పొలం చెక్కలోకి వాళ్ళు దిగుతారు, మాటా మాటా అనుకునే పనే లేదు. మూడో తరగతి తప్పినవాడు ఆ బురదలో కళ్ళు మూసుకుని మా ఇంటి గుమ్మం దాకా నడిచాడు. నేను వాడి వెనకాల, వాడు కాలు ఎక్కడ పెడితే అక్కడ పెడుతూ నడిచాను. ఒళ్ళు మండిపోయింది.

ఆ మరుసటి ఏడు, నీళ్ళు దిగడానికి ఇంకా రెండు నెలలుందనగా, పిడుగులాంటి కబురొచ్చింది. రిజర్వాయరులో బయటపడే భూమంతా ఇక ఒక్కరికే ఏక్‌సాలు కౌలుకి ఇస్తారట. ఏక్‌సాలు అంటే ఏటేటా తిరగరాసే కౌలు. అవతలి ఊరి పెద్దరైతు ఒకాయన దరఖాస్తు పెట్టుకున్నాడు, ఆయనకి పలుకుబడీ ఉంది, ట్రాక్టర్లూ ఉన్నాయి. కాలనీ వాళ్ళకి ఒక్కటే దారి. ఆఫీసరు విచారణకి వస్తాడు. ఫలానా చెక్క ఫలానావాళ్ళు ఏటేటా తెగకుండా సాగు చేస్తున్నారని చూపిస్తే, ఆ చెక్కలు వాళ్ళకే రాస్తాడు. చూపించలేకపోతే మా పొలాల్లోకి మేం దిగాలన్నా ఆ పెద్దరైతుని అడుక్కోవాలి.

కాలనీ అంతా తల పట్టుకు కూర్చుంది. అప్పుడు నేను లేచాను. నా జన్మకి అంత మంచి రోజు అంతకుముందు లేదు. పత్రిక సంగతి చెప్పి, మనమూ పటం గీద్దాం అన్నాను. "మా మేస్టరు గీస్తాడయ్యా!" అన్నాడు నాన్న నలుగురిలో. ఆ మాటకి నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

బడి వరండాలో డ్రాయింగ్ షీట్లు అతికించి పరిచాను. దాని మీద మునిగిన ఊరు: ఇళ్ళు, సందులు, బావి, పొలాలు. దాని మీద పరచడానికి ఒక ఓవర్సీరుని బతిమాలి పెద్ద ట్రేసింగ్ పేపరు తెచ్చాను. ఊరు మునిగాక ఏ ఏడు నీళ్ళు ఎక్కడిదాకా దిగాయి, ఎవరు ఏ చెక్కలో ఏం వేశారు అన్నది దాని మీద. అసలు గెలిపించేది ఆ రెండోదే అని అందరికీ నేనే పాఠం చెప్పాను. జాడ కావాలి, జాడ, అని.

మొదటి షీటు రెండు రోజుల్లో అయిపోయింది. ముసలివాళ్ళు ఫొటోలో లాగే మోకాళ్ళ మీద వంగారు. మా ఇల్లు ఇక్కడ, మా దొడ్డి ఇక్కడ అంటూ ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. రెండోదానికి వచ్చేసరికి నాకు చిక్కొచ్చిపడింది. ఎవర్ని ఏమడిగినా ఒకటే మాట: "పెద్దోణ్ణి అడుగు." నువ్వులు ఏ ఏడు కొట్టుకుపోయాయి? పెద్దోణ్ణి అడుగు. ముసలమ్మ చెక్క దున్నేదెవరు? పెద్దోడే, ఆమెకి మగదిక్కు లేదుగా. వాడు గొంతుక్కూర్చుని, కళ్ళు చికిలించి, ఏడాది వెంట ఏడాది చెప్పుకుంటూ పోయాడు. ఒక్కచోట తడబడలేదు. నాన్న వేలు పెట్టి, "ఇక్కడ మావాడు దోస పెట్టాడు, ఇట్టాటి కాయలు" అని చేతులు చాపి చూపించాడు. మావాడంటే నేను కాదు. సాయంత్రానికి ఆ కాగితం మీద ఎక్కడ చూసినా వాడి అడుగులే. మా నాన్న ఆయుష్షంతా ఆ కాగితం మీద ఉంది, పక్కనే వాడున్నాడు. నేను ఒక్క గీతలో కూడా లేను. గీసిన చెయ్యి మాత్రం నాది.

ఇంటికి తెచ్చి రెండు కాగితాలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. సిరా పెట్టాలి. మొదటిదానికి పెట్టాను. రెండోది చూసేకొద్దీ కళ్ళల్లో కారం కొట్టినట్టుంది. రేపు ఆఫీసరు దీన్ని చూసి, ఇదంతా ఎవరికి గుర్తుందయ్యా అని అడుగుతాడు. కాలనీ అంతా వేలెత్తి వాణ్ణి చూపిస్తుంది. నేనేమో వాడు చెప్పింది రాసుకున్న గుమాస్తాని. పాత ఊరి పటం చాలదూ, అంత చక్కగా సిరా పెట్టాను కదా అనుకున్నాను. చాలదని నాకు తెలుసు. తెలిసే, విచారణ రోజు పొద్దున స్నానానికి నీళ్ళు కాగుతుంటే ఆ ట్రేసింగ్ పేపరు మడిచి నీళ్ళపొయ్యిలో పెట్టాను. అది ఇట్టే అంటుకుంది. నేను పోయి స్నానం చేశాను.

ఆఫీసరు మంచివాడే. బడిలోనే బల్ల వేసుకుని కూర్చుని నా పటం చాలాసేపు చూశాడు. "చాలా బాగా గీశారు. కానీ ఇది పాత ఊరు కదండీ, దీన్ని సర్కారు ఎప్పుడో తీసేసుకుంది. నాకు కావాల్సింది ఆ తర్వాతది. నీళ్ళు దిగాక ఏటేటా ఎవరు దున్నుతున్నారో అది చూపించండి" అన్నాడు.

"అదీ గీశాడు సారూ మా తమ్ముడు" అన్నాడు అన్న సంబరంగా. "తియ్యరా మేస్టరూ!"

వందమంది నా వైపు చూస్తున్నారు. లేదు అన్నాను. లేదంటే ఏమిటన్నాడు ఆఫీసరు. నేను బల్ల మీది పటం చుట్టడం మొదలుపెట్టాను. అన్న నా మొహం చూశాడు. అట్టే సేపు చూడలేదు. ఆఫీసరు వైపు తిరిగి, "నా తప్పే సారూ. చూత్తానని అడిగి తీసకపోయి కుడితితొట్టి కాడ పెట్టా. నాని పిండైపోయింది. మా వాడు మొహమాటపడి చెప్పట్లా" అన్నాడు.

కాలనీ వాళ్ళు వాడి మీద విరుచుకుపడ్డారు. "బుద్ధుందంట్రా నీకు? చదువురానోడివి కాగితం జోలికి ఎందుకు పోయావురా?" అని ఒకాయన కొట్టినంత పని చేశాడు. వాడు తల దించుకుని అన్నీ పడ్డాడు. నోటితో చెప్తాను రాసుకోండి సారూ అని మొదలుపెడితే, పెద్దరైతు తాలూకు మనిషి లేచి, నోటికేముంది ఎన్నైనా చెప్తుంది అన్నాడు. ఆఫీసరు ఆ రోజే రిపోర్టు పంపాలి. పంపాడు. ఇంత జరుగుతున్నా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు వాడి మీద కుళ్ళు తగ్గలేదు. వందమందిలో అలా నిలబడి నా తప్పు తన నెత్తిన వేసుకోవడం నాకెందుకు చాతకాలేదని ఏడ్చాను.

ఆ ఏడు మా పొలాల్లోకి ట్రాక్టర్లు దిగాయి. మావాళ్ళు తమ చెక్కల్లోనే కూలికి పోయారు. నాన్న పోలేదు. అరుగు మీద కూర్చునేవాడు. నన్నేమీ అడగలేదు, ఎవరినీ ఏమీ అనలేదు.

తర్వాతి ఏడు విచారణకి ముందు అన్న తనంతట తనే నా దగ్గరికొచ్చి, "మళ్ళీ చెప్తా, రాసుకో" అన్నాడు. నాలుగు రోజులు చెప్పాడు. ఈసారి ప్రతి గీతకీ సిరా పెట్టాను, ప్రతి చెక్క మీదా వాడు చెప్పింది చెప్పినట్టు రాశాను. వాడి పేరు రాయాల్సిన చోటల్లా రాశాను. నాన్న, అన్న, నేను డ్యామ్ దగ్గర ఆఫీసుకి తీసుకుపోయాం. పాత ఆఫీసరు బదిలీ అయిపోయాడు. కొత్తాయన కాగితాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురులో చూసి, ఇలాంటిది నేనెక్కడా చూడలేదన్నాడు. తర్వాత ఫైలు తెరిచి, "పోయిన ఏడాది సాగు ఎవరిది?" అన్నాడు. పెద్దరైతుది. "అక్కడ తెగిపోయింది కదండీ. తెగకుండా ఉంటే ఈ పటం మీదే రాసిచ్చేసేవాణ్ణి" అని పటం చుట్టి జాగ్రత్తగా నా చేతికిచ్చాడు.

తిరుగు బస్సులో నాన్న పక్కన నేను కూర్చున్నాను. అన్న ముందు డ్రైవరు దగ్గర నిలబడి ఏదో మాట్లాడుతున్నాడు. బస్సు మాచర్ల రోడ్డెక్కాక నాన్న నెమ్మదిగా, నా ఒక్కడికే వినబడేట్టు అన్నాడు.

"నిరుడు నీళ్ళపొయ్యిలో ఆ కాగితం అంచు కొంచెం మిగిలిందిరా. నేనే పొయ్యిలోకి ఎగదోశా, పెద్దోడి కంట పడుద్దేమోనని."

ఏడాదంతా ఆయనకి తెలుసు. నాన్నా అనబోయాను. ఆయన వినిపించుకోలేదు.

"నీళ్ళ మీద నేనెప్పుడూ కోపం పెట్టుకోలా. తీసుకున్నా ఏడాదికోసారి మనది మనకి ఇచ్చేవిరా. నువ్వు ఆ మాత్రం కూడా ఉంచలా."